మార్చి శాంపిల్, ఆగస్టు గాలి

ఉదయం నుంచీ ముసురు వదలలేదు. ల్యాబులో డెసికేటర్ (శాంపిళ్లకు తేమ తగలకుండా దాచే పాత్ర) మూత తీసేసరికి మనసు చివుక్కుమంది. అంచున పూసిన గ్రీజు ఎండిపోయింది, అడుగున తేమ పీల్చడానికి ఉంచిన సిలికా జెల్ గింజల్లో నీలం జాడే లేదు, అన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. మార్చిలో దాచిన సూక్ష్మస్ఫటిక సిలికాన్ (అతి చిన్న స్ఫటికాలు నిండిన సిలికాన్) పొర ఇన్నాళ్లూ తేమగాలిని పీలుస్తూనే ఉందన్నమాట.

గాజుపలకను పట్టకారుతో ఎత్తి దీపం కింద చూశాను. గోధుమరంగు పొర, దాని మీద అర మిల్లీమీటరు ఎడంతో రెండు అల్యూమినియం పట్టీలు. కంటికి ఏ మార్పూ కనిపించలేదు. చీకటి పెట్టెలో ఉంచి 10 వోల్టులు ఇస్తే మీటరు 31 నానోయాంపియర్లు చూపించింది. మార్చిలో, వ్యాక్యూమ్‌లో వేడిచేసి చల్లార్చిన తరువాత నోట్‌బుక్‌లో రాసుకున్న అంకె 12.

ఈ పొర హైడ్రోజన్ బాగా కలిపిన సైలేన్ (సిలికాన్, హైడ్రోజన్‌ల సమ్మేళనం) వాయువును ప్లాస్మాలో విడగొట్టి, సుమారు 200 డిగ్రీల దగ్గర పెంచినది. స్ఫటిక భాగం ఎక్కువయ్యే కొద్దీ ఇలాంటి పొర సన్నని స్తంభాలుగా పెరుగుతుంది. ఆ స్తంభాల మధ్య మిగిలిన సందుల్లోకే గాలి దూరుతుంది. అక్కడ నీటి ఆవిరి ఊరికే అంటుకుని ఉపరితలం మీది విద్యుదావేశాన్ని మారుస్తుంది, ఆక్సిజన్ మాత్రం నెమ్మదిగా సిలికాన్‌తో బంధం కట్టి కూర్చుంటుంది. మొదటిది వేడికి వదిలిపోతుంది, రెండవది వదలదు.

అందుకే వ్యాక్యూమ్‌లో 150 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, తొందరపడకుండా చల్లారనిచ్చాను. మధ్యాహ్నం భోజనం సంగతి కూడా గుర్తురాలేదు. మళ్లీ అదే 10 వోల్టులకు 9 నానోయాంపియర్లు వచ్చింది. పెరిగినదంతా పోయింది సరే, 12 దగ్గర ఆగకుండా ఇంకా కిందికి దిగింది. అదే విడతలో సిలికాన్ వేఫర్ ముక్క మీద పెంచిన పొరను పరారుణ వర్ణపటంలో చూస్తే, సెంటీమీటరుకు 2,100 తరంగాల దగ్గరి సిలికాన్-హైడ్రోజన్ బంధాల శిఖరం పక్కన, 2,250 దగ్గర చిన్న గుట్ట లేచి ఉంది. హైడ్రోజన్‌ను పట్టుకున్న సిలికాన్ పరమాణువుకు వెనుకవైపు ఆక్సిజన్ చేరిన గుర్తు అది. తగ్గిన ఆ 3 నానోయాంపియర్లు వేడికి వదలని ఆ ఆక్సిజన్ వల్లే పోయాయని దాన్ని చూశాక అర్థమైంది.

ఇన్నాళ్లూ ఇలాంటి మార్పు కనిపిస్తే నా ఆలోచన ముందుగా వెలుతురు మీదికే పోయేది. స్టేబ్లర్, వ్రోన్‌స్కీ అనే శాస్త్రవేత్తలు 1977లో చూపినట్టు, స్ఫటికరహిత సిలికాన్ వాహకత ఎండకు పడిపోయి, 150 డిగ్రీలు దాటి వేడిచేస్తే తిరిగి వస్తుంది. మందు ఒకటే కనుక జబ్బు కూడా ఒకటేనని అనుకోవడం నా పొరపాటు. ఈ శాంపిల్ ఐదు నెలలుగా చీకట్లోనే ఉంది. దాని పక్కనే ఉన్న, సందులు స్ఫటికరహిత భాగంతో నిండిన దట్టమైన పొరలో అంకె దాదాపు కదలనే లేదు. పొర ఎన్ని రోజులు గాలిలో ఉందో చెప్పకుండా వాహకత ఒక్కటే ఇచ్చే పట్టికలను ఇకమీదట నేను నమ్మలేను, నా పాత పట్టికలతో సహా.

పెట్టె మీద తయారీ తేదీ కింద గాలి తగిలిన రోజులు, వేడిచేసిన గంట, రెండు అంకెలూ రాశాను. గ్రీజు మార్చి, సిలికా జెల్‌ను 120 డిగ్రీల ఓవెన్‌లో పెట్టాను. బయలుదేరే వేళకు గింజలు సగం నీలానికి వచ్చాయి.