పాత గ్రానైట్ గట్టు మీద పలచటి రాయి వేయించాను: సింక్ మూల దగ్గర నా అనుభవం

వంటగది గట్టు పని నిన్నటితో అయిపోయింది. గట్టు చూస్తే ఎంత సంతోషంగా ఉందో, ఆ కాంట్రాక్టరు మాటలు గుర్తొస్తే అంత ఒళ్లు మండుతోంది. పాత గట్టు తీయకుండా దాని మీదే పలచటి రాయి వేయించాలనుకుంటున్నవాళ్లు ఇంకేం చదవకపోయినా సింక్ కటింగ్ గురించి రాసినది మాత్రం చదవండి.

మాది పాత గ్రానైట్ గట్టు. మెరుపు పోయింది, సింక్ చుట్టూ తెల్లటి చారలు పడ్డాయి, కానీ రాయి మాత్రం గట్టిగా ఉంది. దాన్ని పగలగొడితే గోడ టైల్స్ ఊడతాయి, పైపులన్నీ విప్పాలి. మీదనే 12 మి.మీ. రాయి అతికిస్తే ఆ గొడవ ఉండదు. మామూలుగా వేసే 20 మి.మీ. గ్రానైట్ చదరపు మీటరుకు సుమారు 54 కిలోలు తూగుతుంది, 12 మి.మీ. అయితే 32 కిలోలు. పాత రాయి బరువుకు ఇది తోడవుతుంది కాబట్టి కింది అరలు మోస్తాయో లేదో ముందే చూపించుకోవాలి. ఇంకా పలచగా, వెనక ఫైబర్‌గ్లాస్ పొరతో ఒకటి రెండు మిల్లీమీటర్ల రాతి షీట్లు కూడా వస్తాయి. అవి గోడకు బాగుంటాయి. రోజూ గిన్నెలు లాగే చోటికి నేను వద్దన్నాను.

రాయి ఎంపిక తొందరగానే తేలింది. మార్బుల్ కాల్షియం కార్బొనేట్. నిమ్మరసమో వెనిగరో పడితే సీలర్ (మరకలు ఇంకకుండా రాసే ద్రవం) వేసి ఉన్నా సరే మెరుపు పోతుంది. క్వార్ట్‌జైట్ అనే గట్టి సహజ రాయని చెప్పి ఇచ్చిన ఒక నమూనా ముక్క మీద వెనిగర్ చుక్క వేసి కాసేపు ఆగి తుడిచాను. ఆ చోటు మసకబారింది. అసలు క్వార్ట్‌జైట్ అలా మసకబారదు, పైగా గాజు మీద గీత పెడుతుంది. మార్బుల్‌కి ఆ పేరు తగిలించి అంటగట్టబోయారు. అమ్మేవాళ్లు చెప్పే పేరు నమ్మకుండా ఈ పరీక్ష చేసినందుకు నాకు గర్వంగా ఉంది. చివరికి ముదురు బూడిద రంగు గ్రానైట్ తీసుకున్నాం.

కొలతలు, అట్టతో టెంప్లేట్, పాత గట్టు జిడ్డు కడిగి గ్రైండర్‌తో గరుకు చేయడం, లెవెల్ చూసుకోవడం అన్నీ సాఫీగా జరిగిపోయాయి. నున్నటి పాలిష్ మీద ఎపాక్సీ, అంటే రాయి అతికించే జిగురు, సరిగ్గా పట్టదు, అందుకే ఆ గరుకు చేయడం.

ఇక సింక్. కొత్త రాయి పడ్డాక పాత సింక్ లోతుకు పోతుంది, రెండు రాళ్ల మధ్య అతుకు కనిపిస్తుంది. అందుకని పైనుంచి దించే కొత్త సింక్ తీసుకున్నాం. దాని అంచు రాయి మీద కూర్చుంటుంది కాబట్టి కటింగ్ కనపడదు. ఆ మాటే మా కొంప ముంచింది. అంచు కింద దాక్కుంటుంది కదా అని కుర్రాళ్లు గ్రైండర్‌తో నాలుగు వైపులా నేరుగా కోసేశారు. గుండ్రటి బ్లేడు కాబట్టి పై వైపు మూల దాటి ముందుకు పోతే గానీ కింది వైపు మూల తెగదు. అలా ప్రతి మూల దగ్గరా గీత అవసరమైన చోటు దాటి రాయిలోకి వెళ్లింది. ఆ సమయంలో నన్ను వంటగదిలోకి రావద్దన్నారు, దుమ్ము అని.

గట్టు అతికించారు, సింక్ పెట్టారు, అతుకులు నింపే సిలికాన్ రాశారు. అందరూ వచ్చి బాగుందన్నారు. కొన్నాళ్లకే సింక్ ముందు వైపు కుడి మూల నుంచి గట్టు అంచు దాకా వెంట్రుక మందాన ఒక పగులు కనిపించింది. తడిగుడ్డతో తుడిస్తే ఆ గీత నల్లగా తేలేది.

కాంట్రాక్టర్ని పిలిచాను. వచ్చీ రాగానే "ఎవరైనా గట్టెక్కి నిలబడ్డారా మేడమ్?" అన్నాడు. లేదన్నాను. "పెద్ద బరువేదో పడేసి ఉంటారు, ఆడవాళ్లు గమనించరు" అన్నాడు, తన పనివాళ్ల ముందే. వాళ్లు నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది. తర్వాత "సార్ ఉన్నప్పుడు వస్తాను, ఆయనకైతే అర్థమవుతుంది" అన్నాడు. ఈ పనికి రాయి చూసింది నేను, కొలతల దగ్గర నిలబడింది నేను, డబ్బు లెక్క పెట్టి చేతికిచ్చింది నేను. నా వంటగదిలో నిలబడి నాకు అర్థం కాదంటాడా! మా ఆయన సాయంత్రం వచ్చి ఫోన్ చేస్తే మాట మారింది: "రాయిలోనే నరం ఉంది సార్, సహజమైన రాయి అంటే అంతే." రాయి అమ్మినవాళ్లకు చెబితే "బిగించినవాళ్ల తప్పు" అన్నారు. ఇద్దరి మధ్యా నేను బంతినయ్యాను. అన్నిటికంటే బాధ పెట్టింది ఏమిటంటే, ఇంట్లో కూడా ఒకరిద్దరు "పోనీ, నిజంగా ఏదైనా పడిందేమో గుర్తు తెచ్చుకో" అన్నారు.

నేను వదల్లేదు. రూపాయి నాణెంతో గట్టంతా తట్టి చూశాను. మిగతా చోట్ల గట్టి చప్పుడు. సింక్ ముందున్న సన్నటి పట్టీ మీద మాత్రం డొల్లగా మోగింది. అంటే అక్కడ ఎపాక్సీ పూర్తిగా పరచలేదు, ముద్దలు ముద్దలుగా పెట్టి వదిలేశారు. గట్టిపడేలా చేసే హార్డెనర్ కలిపాక ఎపాక్సీకి కొద్ది సేపే టైమ్ ఉంటుంది. ఒకేసారి ఎక్కువ కలుపుకుంటే చివరికి వచ్చేసరికి గట్టిపడిపోతుంది, ఆ చివరి చోటు మాకు సింక్ ముందు పట్టీ అయింది. గట్టు మొత్తంలో బలం తక్కువున్న చోటు అదే.

తర్వాత సింక్ తీయించి చూపిస్తే తప్ప మిగిలిన డబ్బు ఇచ్చేది లేదని చెప్పాను. గొణుక్కుంటూ వచ్చి తీశారు. నేను టార్చ్ వేసి చూపించాను: బ్లేడు గీత మూల దాటి ఎక్కడ ఆగిందో, సరిగ్గా ఆ కొస నుంచే పగులు మొదలైంది. రాయిలో నరం ఉంటే దాని దారిన వంకరగా పోతుంది, పనిగట్టుకుని వచ్చి రంపపు గీత కొసనే పట్టుకోదు. గుండ్రంగా కాకుండా పదునుగా కోసిన మూలలో ఒత్తిడంతా ఒక్క బిందువు దగ్గర చేరుతుంది. విమానం కిటికీల మూలలు గుండ్రంగా ఉండేది కూడా ఇందుకే. కాంట్రాక్టరు కాసేపు చూసి, నా వైపు చూడకుండా "మార్చేద్దాం" అన్నాడు. క్షమించమన్న మాట ఇప్పటికీ రాలేదు.

రెండోసారి ఇంకో మేస్త్రీ వచ్చాడు. పెద్దాయన, మాట తక్కువ. ముందు నాలుగు మూలల్లో కోర్ బిట్‌తో (గొట్టంలా ఉండే డ్రిల్ బిట్) గుండ్రటి రంధ్రాలు వేశాడు. తర్వాత నీళ్లు పోస్తూ ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రం దాకా కోశాడు. గీత రంధ్రంలోకి వెళ్లి ఆగిపోతుంది, మూల దాటదు. మోసుకొచ్చేటప్పుడు పట్టీ ఊగకుండా దానికి చెక్క బద్దె బిగించాడు, రాయిని నిలువుగా పట్టుకుని తెచ్చారు. ఎపాక్సీ కొంచెం కొంచెం కలుపుతూ పళ్లున్న తాపీతో ప్రతి అంగుళానికీ పరిచాడు. అదే స్లాబ్ ముక్క ఒకటి పారేయకుండా దాచి ఉంచాను కాబట్టి రంగు కలిసింది. మిగిలిన ముక్కలు ఎవరు అడిగినా ఇవ్వకండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మొదటి కుర్రాళ్లు పొడిగా కోశారు, మాస్కుల్లేవు, జుట్టంతా తెల్లబడింది. గ్రానైట్‌లో, అంతకంటే ఎక్కువగా క్వార్ట్‌జైట్‌లో సిలికా అనే ఖనిజం ఉంటుంది. ఆ దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, పాడైన ఊపిరితిత్తి మళ్లీ బాగుపడదు. సిలికా చాలా ఎక్కువుండే కృత్రిమ క్వార్ట్జ్ రాయిని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి నిషేధించింది కూడా. వాళ్ల మీద నాకు కోపం ఉంది, అయినా ఆ వయసు పిల్లల్ని అలా పని చేయించడం ఘోరం. నీళ్లు పోస్తూ కోయకపోతే పని ఆపించండి. ఇల్లు పాడవుతుందని కాదు, వాళ్ల కోసం.

తర్వాత పనులు తేలికే. కుళాయి మర కొత్త మందానికి చాల్లేదు, కింద నట్టు పట్టలేదు. పాత రాయిలో రంధ్రం కింది నుంచి వెడల్పు చేసి నట్టు పైకి ఎక్కేలా చేశారు. పొయ్యి దింపే గాడి కూడా ఇదే లెక్కన ముందే చూసుకోవాలి. గోడ దగ్గర అతుకుకు సహజ రాయి కోసం అని రాసి ఉన్న సిలికానే వాడమన్నాను. మామూలుది కొన్ని రాళ్లలోకి నూనెలా ఇంకి అంచు వెంబడి నల్లటి చార పెడుతుంది.

సీలర్ నేనే వేశాను. గుడ్డతో రాసి, ఇంకనిచ్చి, మిగిలింది ఆరకముందే తుడిచేయాలి, లేకపోతే పొరలా అంటుకుపోతుంది. ఈ ఉదయం నీటి చుక్కలు వేసి చూశాను, రాయి రంగు మారలేదు. రంగు ముదిరిన రోజున మళ్లీ సీలర్ వేయాలి. నాణెంతో మరోసారి గట్టంతా తట్టాను, సింక్ ముందు పట్టీతో సహా అంతటా ఒకే చప్పుడు. చివరి విడత డబ్బు ఆ తర్వాతే ఇచ్చాను, మా ఆయన చేతి మీదుగా కాదు, నా చేత్తోనే.