వరంగల్ కోటలో పిల్లలతో ఒక పొద్దు

ఈరోజు ఆదివారం. డిసెంబర్ చలి, పొద్దుగాల మంచు బాగనే ఉంది. జగిత్యాల నుంచి అక్క పిల్లలు వచ్చిండ్రు. పెద్దదానికి ఏడేళ్లు, చిన్నోనికి ఐదు. మ్యూజియం చూస్తమంటే కోటకు తీస్కపోయినం. అద్దాల బీరువాల నడుమ ఐదేళ్ల పిల్లగాడు పది నిమిషాలు నిలవడు. కీర్తితోరణాలు, అంటే పాత గుడి చుట్టున్న రాతి ద్వారాల ఆవరణలనైతే చెక్కిన రాళ్లు వాని కంటి ఎత్తుకే ఉంటయి.

గేటు తెరిచేటాళ్లకు అక్కడుండాలె. ఆవరణలో నీడ తక్కువ, నల్లరాయి వేడిని పట్టుకుంటది. చలికాలంలో గూడ పొద్దెక్కితే పిల్లలు రాళ్ల పక్కన నిలబడనంటరు. ఎండకాలమైతే సాయంత్రమే మేలు. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. పెద్దోళ్లకు తలా లీటరు నీళ్లు, పిల్లలకు అర లీటరు పట్టుకోవాలె. తినడానికి సర్వపిండి ముక్కలు మంచివి, కారవు, చల్లారినా రుచి పోదు. సకినాలు వద్దు, కొరికితే నేలంత నూకలైతయి. కాళ్లకు బూట్లుండాలె, గడ్డిల పల్లేరుకాయలుంటయి. ఇంకొకటి, గుప్పెడు చింతగింజలు.

చింతగింజలు లెక్క కోసం. రాజుల పేర్లతో మొదలుపెడితే పిల్లల చూపు ఉడుతల మీదికి పోతది. అందుకే ముందు నడక. ఉత్తర తోరణం నుంచి దక్షిణ తోరణానికి సుమారు 480 ఫీట్లు. నడుమ గుడి శిథిలాలు అడ్డం, చుట్టు తిరిగి నడిస్తే ఇంకా ఎక్కువైతది. పెద్దది అంగలు లెక్కపెట్టుకుంట బయలుదేరి వంద కాడ తప్పింది. మళ్లీ మొదటికొచ్చి, ఇరవై అంగలకు ఒక గింజ ఎడమ జేబుల నుంచి కుడి జేబులకు మార్చుకుంట పోయింది. ఆఖరుకు పందొమ్మిది గింజలు, మీద ఆరు అంగలు. అంటే 386. అదే దారిల మా లెక్క 231. "ఎవరిది తప్పు మామా?" అని అడిగింది. ఇద్దరి అంగలూ పక్కపక్కన నేల మీద పెట్టి జానతోని కొలిపిచ్చినం. ఎవరిదీ తప్పు కాదని దానికదే చెప్పింది. కొలత అనేది ఎందుకు పుట్టిందో పుస్తకంల కన్నా ఇక్కడ బాగ తెలుస్తది.

తోరణాల పైదూలం చివర్ల మీద హంసలున్నయి. చాన ఎత్తు, పిల్లలకు ఊరికే చూపిస్తే ఆనవు. ఫోన్ కెమెరాల పెద్దగ చేసి చూపించి, అసొంటివే కింద వెతకమనాలె. కిందపడ్డ దూలాలు, స్తంభాల మీద పద్మాలు, సింహాలు, పూలదండలు ముఖం ముందే ఉంటయి. ఒక్క పద్మమే గీయమన్నం. తోరణమంత గీయమంటే పిల్లలు సగంల విసుగుపడి కాగితం పక్కన పెడ్తరు. చాక్‌పీసు రాయొద్దు, చెక్కడం మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దనియ్యొద్దు. ఏడు వందల ఏళ్లు దాటిన అంచులు అవి, రోజూ వందల చేతులు తగుల్తయి.

"ఇవెందుకు పడ్డయి?" అని చిన్నోడు అడిగిండు. అప్పుడు చరిత్ర చెప్పాలె, అడిగినంతే. 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును గెలిచింది, నడుమనున్న స్వయంభూ శివుని గుడి కూలింది, నాలుగు దిక్కుల తోరణాలు నిలబడ్డయి. తెలంగాణ ప్రభుత్వ రాజముద్రల ఉన్న తోరణం ఇదే. ముద్ర ఉన్న కాగితం ఒకటి జేబుల పెట్టుకపోతే పిల్లలు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తరు.

ఎండ ముదిరినంక పడమటి దిక్కు ఖుష్ మహల్‌కు, అంటే పాత దర్బారు హాలుకు పోయినం. కాకతీయుల తర్వాత ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించిండని చెప్తరు. గోడలు కింద మందంగ, పైకిపోయినకొద్దీ లోపలికి ఒరిగి ఉంటయి. బయట మడమలు ఆనించి వీపు ఆనించమంటే పిల్లలు వెనక్కి వాలాలె. ఇంట్ల గోడకు నిలబడినట్టు నిటారుగ నిలబడలేరు. ఎందుకట్ల కట్టిండ్రో చేతులతో ఇసుక కుప్ప చేసి చూపిస్తే సరిపోతది, అడుగు వెడల్పుంటేనే పైబరువు ఆగుతది. లోపల చల్లగుంటది, పెద్ద కమాన్ల కింద మాట గుమ్మని మోగుతది. సర్వపిండి ఇక్కడ గాక బయటికొచ్చినంకనే తిన్నం. పైకెక్కే మెట్లు నిటారుగున్నయి, ఐదేళ్లోన్ని తీస్కపోలే.

ఏకశిల గుట్టను ఇంకోరోజుకు వదిలేసినం. ఈ వయసుకు రెండు గంటలే చాలు.

తిరిగొచ్చే బాటల ఆటోల ఉండంగనే చివరి ఆట. గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమదేవి పూర్తిచేసిన రాతిగోడ ద్వారాల కాడ దారి నేరుగ పోదు, మెలి తిరుగుతది. ఏనుగులు, గుర్రాలు ఊపు మీద వచ్చి తలుపు గుద్దకుంట ఆ మలుపు. నడిచి చూపించొచ్చు గని బండ్లు అదే దారిన వస్తయి, పిల్లలతోని మంచిది గాదు. ఆటోల కళ్లు మూసుకొని, మలుపు తెలిసినప్పుడల్ల చెయ్యి లేపమన్నం. చిన్నోడు హన్మకొండ దాకా ప్రతి మలుపుకూ చెయ్యి లేపుకుంటనే వచ్చిండు.