అద్దకం నీళ్లలో రంగు తీసే డబ్బా: నాలుగో వారం

ధర్మవరంలో మా చిన్నాయన పట్టు నూలుకు రంగులద్దుతాడు. ఏ రోజు ఏ రంగు వేశారో ఆ వీధి కాలువ చూసి చెప్పొచ్చు. అది చూసి చూసి మనసు ఊరుకోక, మిగిలిన నీళ్లు ఐదు లీటర్ల క్యాన్‌లో అనంతపురం తెచ్చుకుని, మిద్దె మీద కరెంటుతో రంగు తీసే పని మొదలుపెట్టాను.

రెండు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, అల్యూమినియం రేకు నుంచి కోసిన నాలుగు పలకలు, ఎల్‌ఈడీ లైట్లకు వాడే 12 వోల్టుల పవర్ సప్లై, మల్టీమీటర్, నీళ్ల పులుపు చూపే పీహెచ్ కాగితాలు (7 కంటే ఎంత తగ్గితే అంత పులుపు). పలకల మధ్య ఒకటిన్నర సెంటీమీటరు. ఒకటి విడిచి ఒకటి ప్లస్‌కు, మిగతావి మైనస్‌కు. ప్లస్ పలక కరిగి, నీళ్లలో మెత్తటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ మడ్డి అవుతుంది. రంగు దానికి అంటుకుంటుంది. మైనస్ దగ్గర హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి ఆరుబయటే, మంటకు దూరంగా చేయాలి.

మొదటి రెండు వారాలు ఫెయిల్. నలభై నిమిషాలు నడిపినా నీళ్లు రాణి రంగులోనే ఉన్నాయి. కాగితం ముంచితే పీహెచ్ 4! పట్టుకు రంగు పట్టాలని ఎసిటిక్ యాసిడ్ కలుపుతారు, ఆ పులుపులో అల్యూమినియం మడ్డి కట్టకుండా కరిగిపోయి ఉంటుంది. తినే సోడా కొంచెం కొంచెంగా వేసి 7 దగ్గరికి తెచ్చాను. ఈసారి పది నిమిషాలకే పైన గులాబీ నురగ కట్టింది, పక్కనుంచి చూస్తే నీళ్లలో పాలు విరిగినట్టు తునకలు. అరగంటకు ఆపి, గంటసేపు కదపకుండా ఉంచి, పాత నూలు పంచెలో వడకట్టాను. గ్లాసులో పోసి వెనక పేపరు పెడితే అక్షరాలు చదవగలిగాను. ఫోన్లో ఫోటో చూసి చిన్నాయన, 'నిజంగా మన నీళ్లేనారా ఇవి?' అన్నాడు.

నీళ్లలో కరెంటు బాగా పారాలని ఒకసారి ఉప్పు ఎక్కువ వేస్తే రంగు ఇంకా త్వరగా పోయింది గానీ బ్లీచింగ్ వాసన కొట్టింది. క్లోరిన్ పుట్టి రంగును విరగ్గొడితే ఆ ముక్కలు కంటికి కనపడకుండా నీళ్లలోనే ఉండిపోతాయి. అది శుభ్రం చేయడం కాదు. మన బోరు నీళ్లలో లవణాలు ఎలాగూ ఎక్కువే, సోడా కూడా పడింది, ఇక ఉప్పు మానేశాను.

కరెంటు ఖర్చు: 12 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు, అరగంట, రెండు లీటర్లకు 12 వాట్ అవర్లు. అంటే వెయ్యి లీటర్లకు 6 యూనిట్లు. కరిగే అల్యూమినియం లెక్క ప్రకారం 0.34 గ్రాము. పలకల మీద తెల్లటి పొర పేరుకుంటే కరెంటు తగ్గిపోతుంది, అందుకే పది నిమిషాలకోసారి వైర్లు తారుమారు చేస్తున్నాను.

ఇక మడ్డి. రంగంతా ఇప్పుడు అందులో ఉంది, కాలువలో పారేస్తే చేసిన పనికి అర్థమే లేదు. ఎండబెట్టి మూత ఉన్న సీసాలో దాస్తున్నాను. నిన్న రాత్రి వడకట్టిన నీళ్లలో తెల్ల పట్టు దారం నానబెట్టాను. పొద్దున తీసి ఎండలో చూస్తే ఎక్కడా గులాబీ లేదు. ఆదివారం ఇరవై లీటర్ల బకెట్‌తో చిన్నాయన పెరట్లోనే నడుపుతాను, ఆ నీళ్లతోనే ఒకసారి నూలు జాడించి చూస్తానని ఒప్పుకున్నాడు.