ఒకే డోర్ నంబర్‌తో విడాకులు: నా అనుభవం

నిన్న సాయంత్రం డిక్రీ, అంటే కోర్టు విడాకుల ఉత్తర్వు, చేతికొచ్చింది. ఏడుపొస్తుందనుకున్నాను, ఆకలేసింది.

మాది మ్యూచువల్, అంటే ఇద్దరం ఒప్పుకుని తీసుకున్న విడాకులు. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్. పిల్లలు లేరు, నా బంగారం నా దగ్గరే ఉంది, భరణం అడగలేదు. పెళ్లి పత్రిక, పెళ్లి ఫొటో, ఆధార్‌లు ఇచ్చి సంతకాలు పెట్టడం ఒక్క పూటలో అయింది.

చిక్కంతా ఒక్క మాట దగ్గర. పిటిషన్ వేసేనాటికి కనీసం ఏడాదిగా విడిగా ఉంటూ ఉండాలి. మేం రెండేళ్లుగా విడిగానే ఉన్నాం, కానీ ఒకే ఫ్లాట్‌లో. ఈఎంఐ కడుతూ ఇంకో ఇంటికి అద్దె కట్టే స్తోమత ఇద్దరికీ లేదు. ఆయన హాల్లో, నేను బెడ్‌రూమ్‌లో. పొయ్యి ఒకటే, వంటలు రెండు.

"పుట్టింట్లో ఉంటున్నట్టు రాసేద్దామమ్మా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు మొదటి లాయరు. ఫీజు మాత్రం అప్పటికే తీసుకున్నాడు. ప్రమాణం చేసి ఇచ్చే కాగితంలో అబద్ధం రాయనని ఫైలు వెనక్కి తెచ్చుకున్నాను. అలాంటి లాయరు దొరికితే మీరూ అదే చేయండి, డబ్బు పోతే పోయింది.

రెండో లాయరు మేడమ్ ఉన్నదున్నట్టు రాశారు. కోర్టు ఆఫీసువాళ్లు పిటిషన్ తీసుకోకుండా రిటర్న్ వేశారు. అడగడానికి వెళ్తే కౌంటర్ దగ్గరాయన, "ఒకే డోర్ నంబరు పెట్టుకుని విడాకులేంటమ్మా? మా ఇంట్లో నేనూ మా ఆవిడా కూడా మాట్లాడుకోం" అన్నాడు. చుట్టూ ఉన్న ప్లీడరు గుమాస్తాలంతా పగలబడి నవ్వారు. చేతిలో ఫైలుతో మెట్లు ఎలా దిగానో గుర్తులేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో వెతుకుతుంటే సుప్రీంకోర్టు 1991 నాటి తీర్పు దొరికింది. విడిగా ఉండటమంటే భార్యాభర్తల్లా ఉండకపోవడమే, ఎక్కడ ఉంటున్నారన్నదానితో పని లేదు, పరిస్థితుల వల్ల ఒకే కప్పు కింద ఉన్నా విడిగా ఉన్నట్టే అని అందులో ఉంది. ప్రింట్ తీసి, ఎర్ర పెన్నుతో గీత గీసి మేడమ్‌కిచ్చాను. బీకాం చదివినదాన్ని, నేనే వెతికాను! అది జతచేసి మళ్లీ వేస్తే నంబరైంది, అంటే కేసుగా తీసుకున్నారు.

కోర్టు కౌన్సెలింగ్‌లో ఇంకో అవమానం. మా ఆయన ముందే కౌన్సెలర్ నన్ను, "రాత్రిళ్లు గడియ పెట్టుకుంటావా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు ఆయనే, "పెట్టుకుంటుందండీ" అన్నాడు. రెండేళ్లలో మేమిద్దరం ఒక్క మాట మీద నిలబడింది అక్కడే.

మామూలుగా పిటిషన్ వేసిన రోజు నుంచి ఆరు నెలలు ఆగాలి. మాలాగా ఏడాదిన్నర పైన విడిగా ఉండి, రాజీ కుదరదని తేలిపోతే కోర్టు ఆ గడువు తీసేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. దానికి విడిగా దరఖాస్తు వేస్తే ఒప్పుకున్నారు. జడ్జి గారు అడిగింది మూడే ప్రశ్నలు.

డబ్బు లావాదేవీ ఉన్నవాళ్లకి ఒక మాట. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి మొత్తం ముందే చేతుల్లో పెట్టకండి, సగం చివరి వాయిదా రోజుకి ఉంచండి. కోర్టుకెళ్లకుండా స్టాంపు పేపరు మీద విడాకులు రాసుకుంటే చాలదా అన్న మా మేనమామ లాంటివాళ్ల మాట అసలు వినకండి.

ఆయన నెలాఖరుకి ఖాళీ చేస్తానన్నాడు. గ్యాస్ కనెక్షన్ ఇంకా ఆయన పేరు మీదే ఉంది, దాని సంగతి సోమవారం చూడాలి.