గుండు, మే ఎండ, అన్న మాత్రలు

మా అన్నకి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు, దానికి క్లోర్‌ప్రోమజైన్ వాడతాడు. చాలా పాత మందు, 1952లో పారిస్‌లో ఈ జబ్బులకి మొదలుపెట్టినారు, మిగతా మందులన్నీ దీని తర్వాత వచ్చినవే. మందు బాగానే పనిచేస్తా ఉంది, చెవిలో మాటలు తగ్గినాయి, రాత్రి నిద్రపోతాడు.

పోయిన ఎండాకాలం చిత్తూరు నుంచి మా అత్త వచ్చి చూసీ చూడంగానే "ఏంది నాయనా మొగం ఇట్ల మాడిపోయింది" అనింది. నుదురు, ముక్కు, చొక్కా పైగుండీ దగ్గర మెడ, చేతుల పైభాగం అంతా ఎర్రగా కమిలి మంట అంటాడు, కానీ గడ్డం కింద ఏమీ లేదు, చెవుల వెనక లేదు, వాచీ తీస్తే పట్టీ కింద చర్మం ఎప్పట్లాగే ఉంది. ఎండ తగిలిన చోటే అన్నమాట. ఈ మందు చర్మంలోకి చేరుతుంది, దానిమీద ఎండలోని యూవీఏ అనే కంటికి కనపడని కిరణాలు పడితే అక్కడి కణాలు దెబ్బతింటాయి. యూవీఏ అద్దంలోంచి కూడా వస్తుంది కాబట్టి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా తప్పించుకోలేం. ఏళ్ళ తరబడి పెద్ద డోసులో వాడితే కొందరికి మొగం బూడిద నీలంగా మారుతుంది కూడా.

అత్త మాత్రం "ఆ మాత్రలు ఆపేయండి" అని ఒకటే పోరు. ఆపితే జబ్బు తిరగబెడుతుంది అత్తా, కమిలిన తోలు కంటే అది పెద్ద తలనొప్పి. డాక్టర్‌కి చెప్తే డోసు చూస్తారు, కావాలంటే ఇంత ఇబ్బంది పెట్టని వేరే మందుకి మారుస్తారు, అంతేగానీ మనంతట మనం ఆపకూడదు.

మా తిరుపతోళ్ళకి ఇంకో తంటా గుండు. మొక్కు ఉంటే కొండకి పోయి తలనీలాలు ఇచ్చి మే నెలలో బోడి తలతో తిరుగుతాం. గంధం పూస్తే చల్లగా ఉంటుంది, బాగుంటుంది, కానీ దాన్ని నమ్ముకుని ఎండలో నిలబడితే కుదరదు. సన్‌స్క్రీన్ కొనేటప్పుడు ఎస్‌పీఎఫ్ ఒక్కటే చూస్తే చాలదు, అది ఎక్కువగా యూవీబీ అనే ఇంకో రకం కిరణాల లెక్క, యూవీఏ కోసం ట్యూబు మీద పీఏ పక్కన ప్లస్సులు ఎన్ని ఉన్నాయో చూడండి, ఎక్కువుంటే మంచిది. అన్నకి టోపీ అంటే చిరాకు, తలకి తుండుగుడ్డ చుట్టుకోమంటే మాత్రం మా నాయన మాదిరి దర్జాగా చుట్టుకుంటాడు, సరే అదన్నా నయం. ఫుల్ చేతుల కాటన్ చొక్కా, మధ్యాహ్నం పనులు సాయంత్రానికి మార్చడం, ఇంతకంటే పెద్ద వైద్యం ఏమీ చేయలేదు మేము.

అసలు భయపడాల్సింది ఇంకోటుంది. ఈ మందులు ఒళ్ళు వేడిని తనంతట తాను తగ్గించుకునే పద్ధతినే దెబ్బతీస్తాయి, వీటితోపాటు చేతులు వణకకుండా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, అదే పాసిటేన్ అంటారే, అది చెమట పట్టనీదు. దాహం వేయకపోయినా నీళ్ళు ఇస్తా ఉండాలి. ఎండలోంచి వచ్చిన మనిషి ఒళ్ళు కాలిపోతా పొంతన లేకుండా మాట్లాడితే జబ్బు మళ్ళీ మొదలైందిలే అనుకుని పడుకోబెట్టొద్దు, అది వడదెబ్బ కావచ్చు, నీడలోకి తెచ్చి ఒళ్ళంతా తడిపి గాలి తగలనిచ్చి వెంటనే 108కి ఫోన్ చేయండి, అంబులెన్స్‌లో వాళ్ళకి ఏ మాత్రలు వాడుతున్నాడో చీటీ చూపించండి.