హుద్‌హుద్‌లో తడిసిన నోట్సు

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన ఆ రోజున మేము పెదవాల్తేరులో ఒక మేడమీది వాటాలో అద్దెకు ఉంటున్నాం. గాలి ఉధృతికి సముద్రం వైపు కిటికీ అద్దం పగిలి, వాన నేరుగా నా చదువుబల్ల మీద కురిసింది. అక్కా నేనూ కలిసి పరుపు తెచ్చి కిటికీకి అడ్డం పెట్టేలోగానే బల్ల మీది రెండు లాంగ్ నోటుపుస్తకాలు నానిపోయాయి. వాటిలో ఒకటి నా బీఎస్సీ రెండో సంవత్సరం థర్మోడైనమిక్స్ నోట్సు.

మర్నాడు గాలి తగ్గాక, అతుక్కుపోయిన పేజీలను ఒక్కొక్కటిగా విడదీసి మంచం మీద ఆరబెట్టాను. అప్పట్లో నాకు ఇంకు పెన్నుతో రాసే అలవాటు ఉండేది. శీర్షికలను మాత్రం నల్ల బాల్‌పెన్నుతో రాసి కింద గీత గీసేదాన్ని. అందువల్ల ‘కార్నో ఇంజను’, ‘ఎంట్రోపీ’, ‘మాక్స్‌వెల్ సంబంధాలు’ అన్న పేర్లు చెక్కుచెదరకుండా మిగిలి, వాటి కింద ఉండవలసిన విషయమంతా లేత నీలం మరకగా మారిపోయింది. ఊళ్ళో కరెంటు లేదు, ఫోన్లు పనిచేయడం లేదు. స్నేహితుల ఇంటికి వెళ్ళి నోట్సు తెచ్చుకుందామంటే రోడ్లనిండా చెట్లు విరిగిపడి ఉన్నాయి. నేను ఏడుస్తూ కూర్చుంటే అక్క ఒక కొత్త పుస్తకం తెచ్చి ముందు పెట్టి, “నువ్వు రాసిందే కదే అదంతా. ముందు నీకు గుర్తున్నది రాయి, లేనిదాని సంగతి తర్వాత చూద్దాం” అంది.

కొవ్వొత్తి వెలుగులో అలా రాసిన ఆ మూడు నాలుగు రాత్రులలో నా చదువు గురించి నాకు తెలిసినంత, అంతకుముందు రెండేళ్ళలో తెలియలేదు. రెండు రంగులతో గీతలు గీసి, తప్పు లేకుండా, అందంగా రాసుకున్న పేజీలలో చాలావాటిని నేను రెండు వాక్యాలకు మించి తిరిగి రాయలేకపోయాను. తరగతిలో అర్థం కాక స్నేహితురాలితో వాదించిన విషయాలు, లెక్క తప్పుచేసి కొట్టివేసి మళ్ళీ చేసిన పేజీలు మాత్రం దాదాపు యథాతథంగా వచ్చాయి. ఉష్ణాన్ని పనిగా మార్చే ఆదర్శ ఇంజను ఎలా నడుస్తుందో చూపే కార్నో చక్రం పటాన్ని చేయి తడబడకుండా గీయగలిగాను. సమోష్ణోగ్రతా వ్యాకోచం, స్థిరోష్ణక వ్యాకోచం, ఆ తర్వాత అదే వరుసలో రెండు సంపీడనాలు అని నాలుగు దశల పేర్లూ రాయగలిగాను. అయితే ఆ ఇంజనులో ఘర్షణే లేదని అనుకున్నప్పుడు కూడా దాని దక్షత, అంటే తీసుకున్న ఉష్ణంలో పనిగా మారే వంతు, నూటికి నూరు శాతం ఎందుకు కాదని అక్క అడిగితే నాకు నోట మాట రాలేదు. అక్క చదివింది కామర్స్. ఆమె అడిగిన ఆ ప్రశ్న నా నోట్సులో ఎక్కడా లేదు, ఎందుకంటే నా నోట్సు నిండా జవాబులే ఉండేవి.

మన కళాశాలల్లో రన్నింగ్ నోట్సు అన్నది ఎక్కువగా డిక్టేషన్ నోట్సే. చెప్పేవారి మాటల వేగాన్ని చేతిరాత ఎన్నటికీ అందుకోలేదు కాబట్టి, విద్యార్థి ఆ పరుగులో పడి వినడం మానేసి, చెవిలో పడిన మాటను కాగితం మీదికి దించడమే పనిగా పెట్టుకుంటాడు. ఇంటికి వచ్చాక దాన్నే ఫెయిర్ చేయడం మరో గంట పని. ఈ ఫెయిర్ నోట్సు విషయంలో నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది: చూసి రాసే గంటలో చేయికి తప్ప బుద్ధికి పని ఉండదు. ఆ గంటను చూడకుండా రాయడానికి వాడుకుంటే ఫలితం వేరుగా ఉంటుందని నా అనుభవం గట్టిగా చెబుతోంది. ఇక పరీక్షల ముందు జిరాక్సు షాపులో స్పైరల్ బైండింగ్ చేయించుకునే ఇతరుల నోట్సు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అందులోని ఆలోచన దాన్ని రాసినవారిది.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాల్టర్ పాక్ 1950ల్లో రూపొందించిన పద్ధతి గురించి చదివినప్పుడు నాకు వెంటనే ఆ తడిసిన పుస్తకమే గుర్తుకు వచ్చింది. పేజీకి ఎడమవైపు రెండున్నర అంగుళాల పట్టీ విడిచి, కుడివైపు విశాలమైన భాగంలో తరగతిలో విన్నది రాసుకుని, పాఠం ముగిశాక ఆ పట్టీలో ప్రశ్నలో, కీలకపదాలో రాసి, అడుగున ఆ పేజీ సారాంశాన్ని రెండు మూడు వాక్యాలలో పెట్టుకోవడం ఆ పద్ధతి. చదివేటప్పుడు కుడివైపు భాగాన్ని కాగితంతో కప్పి, ఎడమవైపున్న ప్రశ్నకు జవాబును పైకి చెప్పుకోవాలి. వాన నా పుస్తకానికి చేసిన పని సరిగ్గా అదే, శీర్షికను ఉంచి మిగతాదాన్ని కప్పేసింది. ఇప్పుడు నా కార్నో పేజీ మార్జిన్‌లో అక్క అడిగిన ప్రశ్నే ఉంటుంది. దాని కిందే, 127 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉష్ణం తీసుకుని 27 డిగ్రీల వద్ద విడిచిపెట్టే ఆదర్శ ఇంజను దక్షత ఎంత అన్న చిన్న లెక్క ఉంటుంది. ఆ ఉష్ణోగ్రతలకు 273 కలిపి 400, 300 కెల్విన్‌లుగా మార్చుకుని, వాటి తేడాను 400తో భాగిస్తే దక్షత 25 శాతమే వస్తుంది. కొంత ఉష్ణాన్ని చల్లని వైపు విడిచిపెట్టక తప్పదనీ, ఆ చల్లని వైపు సున్నా కెల్విన్ వద్ద ఉంటే తప్ప నూరు శాతం రాదనీ లెక్క చేసినవారికి విడిగా చెప్పవలసిన పని లేదు.

ల్యాప్‌టాప్‌లో రాసుకోవాలా, చేత్తో రాసుకోవాలా అని నా దగ్గర చదువుకునే పిల్లలు తరచుగా అడుగుతుంటారు. 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు పరిశోధకులు, టైప్ చేసేవారు విన్నదాన్ని విన్నట్టే దించుకుంటారనీ, చేత్తో రాసేవారు తప్పనిసరై తమ మాటల్లోకి కుదించుకుంటారనీ, భావనలకు సంబంధించిన ప్రశ్నలకు ఆ రెండో రకం వారే మెరుగ్గా జవాబిచ్చారనీ ప్రచురించారు. తర్వాత అదే ప్రయోగాన్ని మళ్ళీ చేసినవారికి అంత స్పష్టమైన తేడా కనబడలేదు. తంటా అంతా విన్న మాటను విన్నట్టే దించుకోవడంలో ఉంది కానీ, రాసే పరికరంలో లేదని నేను అనుకుంటాను. సమీకరణాలూ పటాలూ ఉన్న సబ్జెక్టులకు మాత్రం కాగితమే సుఖం. మే నెలలో ఈ ఊరి ఉక్కపోతకు అరచేతి చెమట అంటి అక్షరాలు అలుక్కుపోతాయి కనుక చేయి కింద ఒక పాత కాగితం పెట్టుకుంటే చాలు.

రాసుకోవడం కన్నా తిరిగి చూసుకోవడమే కష్టమైన భాగం. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ఫలితాలు ప్రచురించాడు. అర్థం లేని అక్షరసముదాయాలను కంఠస్థం చేసి, కొంత వ్యవధి తర్వాత వాటినే మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ ఆదా అవుతోందో లెక్కగట్టాడు. ఇరవై నిమిషాల తర్వాత ఆదా దాదాపు 58 శాతం, గంట తర్వాత 44 శాతం, ఒక రోజు తర్వాత 34 శాతం, నెల తర్వాత 21 శాతం ఉంది. అర్థం ఉన్న పాఠం ఇంత త్వరగా జారిపోదు కాబట్టి ఈ అంకెలను మన చదువుకు యథాతథంగా అన్వయించకూడదు. కానీ మరపు అనేది మొదటి గంటల్లోనే ఎక్కువగా జరుగుతుందన్న సంగతి మాత్రం నోట్సును ఆ సాయంత్రమే తెరవడానికి చాలినంత కారణం.

ఎలా తెరవాలన్నది మరింత ముఖ్యం. 2006లో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చి, కొందరిచేత దాన్ని మరోసారి చదివించారు, మరికొందరిచేత చూడకుండా గుర్తున్నదంతా రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారు 81 శాతం, రాసినవారు 75 శాతం గుర్తు తెచ్చుకున్నారు. వారం తర్వాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారు 42 శాతానికి పడిపోగా, రాసినవారు 56 శాతం దగ్గర నిలిచారు. పరీక్ష ముందురోజు రాత్రి హైలైటర్‌తో రంగులద్దుతూ నాలుగుసార్లు చదివినప్పుడు కలిగే ‘అంతా వచ్చేసింది’ అన్న ధీమా ఆ అయిదు నిమిషాల ఫలితం లాంటిదే. అలా చదివి, హాలులో ప్రశ్నపత్రం ముందు కళ్ళు తేలేసే పిల్లలను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వాళ్ళు కష్టపడనివారు కారు.

నేను పాటించిన క్రమం చాలా మామూలుది. కాలేజీ నుంచి వచ్చిన సాయంత్రమే పది నిమిషాలు మార్జిన్ ప్రశ్నలు రాసేదాన్ని. మర్నాడు బస్సులో, మద్దిలపాలెం దాటేలోగా, పుస్తకం ఒడిలో మూసిపెట్టుకుని ఆ ప్రశ్నలను మనసులో వేసుకునేదాన్ని. ఆదివారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని ఆ వారం శీర్షికలను తెల్లకాగితం మీద రాసి, వాటి కింద గుర్తున్నది నింపి, ఆ తర్వాతే నోట్సు తెరిచి, విడిచిపెట్టిన అంశాలను ఎర్ర ఇంకుతో చేర్చేదాన్ని. పేజీ మూలన తేదీ వేసి, ఎరుపు ఎక్కువగా ఉన్న పేజీలను మరుసటి వారానికీ, లేనివాటిని నెల తర్వాతకూ మార్చుకునేదాన్ని. తప్పిపోయిన ఆదివారాలు ఉన్నాయి. అటువంటప్పుడు వెనకబడినదంతా ఒక్కసారిగా పూర్తిచేయాలని చూడకుండా ఎరుపు పేజీలను మాత్రమే చూసుకునేదాన్ని.

ఆ తడిసిన పుస్తకాన్ని నేను పారవేయలేదు. ఇప్పుడు నా దగ్గరికి ఫిజిక్సు చెప్పించుకోవడానికి వచ్చే డిగ్రీ పిల్లల చేతికి అదే ఇస్తాను. శీర్షికలు తప్ప ఏమీ లేని ఆ పేజీలలో తమకు నచ్చినదాన్ని తెరిచి, దాని కింద ఒకప్పుడు ఏముండేదో వేరే కాగితం మీద రాయాలి. మొన్నామధ్య ఒక అమ్మాయి ‘ఎంట్రోపీ’ పేజీ తెరిచి, నలభై నిమిషాల సేపు తలెత్తకుండా రాసి, నాకు చూపించే ముందు, “మేడమ్, ఒకసారి ఎర్ర పెన్ను ఇస్తారా, నేనే దిద్దుకుంటాను” అని చేయి చాచింది.