పాత సర్వర్‌కి ఇంకా ఖర్చు పెట్టాలా?

ఇవాళ చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీకి వెళ్లొచ్చాను. ఆఫీసులో సర్వర్ నత్తనడక నడుస్తోందని ఒకటే ఫోన్లు. మూత తీస్తే ఫ్యాన్ల నిండా రాతి పొడి. వరండాలోకి తీసుకెళ్లి బ్లోయర్‌తో ఊదితే చొక్కా అంతా బూడిద రంగుకి తిరిగింది. ఆ దుమ్ములో, ఒంగోలు ఎండల్లో అది ఇన్నేళ్లు నడవడమే గొప్ప.

ఓనర్ గారు మాత్రం, "కాస్త ర్యామ్ పెంచి ఎస్ఎస్‌డీ వేస్తే ఇంకో మూడేళ్లు లాగదా అబ్బాయ్?" అన్నారు.

లాగుద్ది, అబద్ధమెందుకు. దానికి పట్టే పాతరకం డీడీఆర్3 ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గానే దొరుకుద్ది. కానీ అందులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ సర్వర్ 2012 ఆర్2. దానికి మామూలు సపోర్ట్ 2023 అక్టోబర్ 10తోనే ఆగిపోయింది, డబ్బు కట్టి తెచ్చుకునే అప్‌డేట్లు కూడా 2026 అక్టోబర్ దాకే. లోపలున్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ 2008 ఆర్2 సంగతి ఇంకా ఘోరం, 2019 జులైలోనే దాని పని అయిపోయింది. ఇనుముకి మెరుగులు దిద్దితే ఇవన్నీ కొత్తవవుతాయా? పైగా ఎవరూ వాడకపోయినా 150 వాట్లు తాగుతోంది, అంటే రోజుకి మూడున్నర యూనిట్ల పైమాటే.

అసలు వీళ్లకి సర్వర్ ఎందుకో నాకు అర్థం కాదు. వాడేది అయిదుగురు. ఒక షేర్డ్ ఫోల్డర్, బిల్లులు, బ్లాకుల కొలతలు రాసుకునే పాత ప్రోగ్రామ్, అంతే. విండోస్ 11 ప్రో ఉన్న మామూలు డెస్క్‌టాప్‌కి ఒకేసారి 20 మంది దాకా కనెక్ట్ అవ్వొచ్చు. ఎస్‌క్యూఎల్‌లో ఎక్స్‌ప్రెస్ అనే రకం, 2022 వెర్షన్ అయినా 10 జీబీ డేటాబేస్ దాకా ఉచితం, వీళ్లది రెండు జీబీ కూడా లేదు. చిక్కల్లా ఆ కొలతల ప్రోగ్రామ్‌తోనే. రాసిచ్చిన మనిషి ఇప్పుడు అందుబాటులో లేడు. అది కొత్త ఎస్‌క్యూఎల్‌కి కనెక్ట్ అవుతుందో లేదో ముందు నా ల్యాప్‌టాప్‌లో పెట్టి చూడాలి, అది తేలకుండా కొత్త మిషను కొనిపిస్తే తర్వాత తిట్లు తినేది నేనే.

ఈ ముక్కే చెప్తే, "సరే, చూసి చెప్పు, అప్పటిదాకా దీన్ని కదిలించొద్దు" అన్నారు. గుమాస్తా గారు పక్కనుంచి, "బ్యాకప్ ఎప్పుడు తీశామో గుర్తుందా సార్?" అని అడిగేసరికి ఆయన ముఖం మారింది. మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ అయ్యేదాకా నన్ను భోజనానికి కూడా కదలనివ్వలేదు.

రాత్రికి కొటేషన్ పంపాలి. యూపీఎస్ బ్యాటరీలు కూడా అందులోనే కలిపేస్తా, విడిగా అడిగితే ఈ జన్మలో కొనరు.